అయిదు వెనక్కి, రెండు ముందుకి

ఆ ఆదివారం ఉదయం అతుకుల మేస్త్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి ఇంజను స్టార్ట్ చెయ్యాలి. అయిదు నిమిషాలు వేడెక్కనివ్వాలి. మొదటి గేరు వేసి, షెడ్డు గుమ్మం దాటించి, పది గజాలు ముందుకు నడిపి, ఆపి, దిగి, చేతులు తుడుచుకుని టీ తాగాలి. ఇదంతా ఆయన ఒక అట్టముక్క మీద వరసగా రాసుకున్నాడు. టీ దగ్గర కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఒక బండిలో చచ్చిపోయిన ఇంజను తీసి, ఆ బండి కలలో కూడా చూడని మరో ఇంజను తెచ్చి, రెండింటికీ పొత్తు కుదర్చడం ఆయన విద్య. ఆ పేరు అలా వచ్చిందే. బస్సు ఇంజనుతో రంపపు మిల్లు నడిపించాడు. జనరేటరు ఇంజనును లారీలో కూర్చోబెట్టి కొండ ఎక్కించాడు. అటువంటివాడికి కూడా ఈ చైను ట్రాక్టరు పదకొండు నెలలు పట్టింది. పట్టిందంటే పట్టదూ, అది మామగారి ట్రాక్టరు!

ఆ ట్రాక్టరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. చక్రాలు లేకుండా రెండు ఇనప చైన్ల మీద పాకే బండి అది. ముందు బారెడు ఎత్తు బ్లేడు, వెనక ఒక బావినంతా పూడ్చగలిగినంత బరువు. అది నడిచిన రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ దాని గురించి గొంతు తగ్గించే మాట్లాడతారు. ఊళ్లో సగం వీధులు మొదట దాని చైన్ల కింద చదునైనవే. ముప్పై ఒక్క ఏళ్లు దాన్ని నడిపింది మామగారు ఒక్కరే. నాలుగేళ్ల కిందట ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని, షెడ్డులోకి వెళ్లి, ఎక్కడికీ వెళ్లని ఆ ట్రాక్టరెక్కి, లివర్ల మీద చేతులు వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. ఆనక దిగి వచ్చి, ఎండన పడి వచ్చినవాడిలా కాళ్లూ చేతులూ కడుక్కునేవాడు.

కూతురు నాలుగేళ్లు చూసింది. పోయిన వారం ఇంక చూడలేకపోయింది.

"శవం పక్కన కూర్చున్నట్టు నాన్న అలా కూర్చుంటే నా కడుపు తరుక్కుపోతోందండీ," అంది మొగుడితో. "ఆదివారం పదింటికి పాత ఇనుము కొనే ఆయన్ని రమ్మన్నాను. ఈలోగా ఆ బండి తన కాళ్ల మీద తాను ఆ గుమ్మం దాటి బయటికొస్తే సరే సరి. రాలేదంటే కోసి పట్టుకుపోతాడు. కళ్లముందు లేకపోతే కొన్నాళ్లకైనా మర్చిపోతారు."

"మీ నాన్నతో చెప్పావా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పాను. 'మంచిది' అన్నారు. అన్నం మాత్రం తినలేదు."

మేస్త్రి కూడా ఆ పూట సరిగ్గా తినలేకపోయాడు. ఆ వారం నిద్ర కూడా అంతంతమాత్రమే.

ఇంజను మాత్రం దేవుడిచ్చిన ఇంజనే. రేవులో ఒక పెద్ద చేపల పడవను విడగొడుతుంటే దొరికింది. ఒకేలాంటివి రెండు, కవల పిల్లల్లా పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. మేస్త్రి మూడు రోజులు రేవులోనే మకాం వేసి, టేపు పెట్టి, కాగితం మీద బొమ్మలు గీసి, చెవి ఆనించి, ముక్కుతో వాసన చూసి, రెండింట్లో శుభ్రంగా ఉన్నదాన్ని ఏరుకున్నాడు. పడవలో వలలు లాగే పంపు కూడా దానితోనే వచ్చింది. దాన్ని బ్లేడు ఎత్తడానికి తగిలించాడు. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య పెట్టే ఇనప ప్లేటును వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీయడానికే నాలుగు నెలలు పట్టింది. అన్నీ చూశాడు, అన్నీ కొలిచాడు. ఆయన చూడనిది ఒకే ఒక్కటి మిగిలింది, అది కొలతకు అందేది కాదు.

తొమ్మిదయ్యేసరికి జనం చేరారు. జనమంటే నలుగురే. ఇల్లాలు గుమ్మంలో నిలబడింది. పదింటికి రావలసిన పాతినుము ఆసామి ఎనిమిదింటికే లారీ తెచ్చి, గ్యాస్ సిలిండరు దించి, ఎక్కడెక్కడ కొయ్యాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు. మామగారు ఆ వేళ ట్రాక్టరెక్కలేదు. ఒక ఖాళీ డబ్బా మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. షెడ్డు వెనక పెరడు, పెరడు దాటితే ప్రహరీ, ప్రహరీ అవతల వరండాలో పక్కింటి గార్డుగారు పేపరు చదువుతున్నాడు. రైలు గార్డుగా రిటైరైనా మెడలో ఈల, చేతిలో గడియారం ఇంకా రిటైర్ కాలేదు. ఆదివారాలు సుత్తి మోత భరించలేకపోతున్నానని పోయిన నెలే మున్సిపాలిటీకి అర్జీ పెట్టాడు.

మేస్త్రి బటన్ నొక్కాడు.

ముందు ఒక గురక వినిపించింది. తర్వాత నేల వణికింది. ఆ పైన వచ్చినదాన్ని మోత అనడానికి నోరు రాదు. ఏళ్ల తరబడి నడిసముద్రంలో గాలివానకు ఎదురెళ్లి మనుషుల్ని ఇళ్లకు చేర్చిన ఇంజను అది. రేకుల షెడ్డులో నిలబడి, ఇక్కడ తుఫాను ఏదీ అని అడుగుతున్నట్టుంది. షెడ్డులో ఉన్న ప్రతి బోల్టూ బల్ల మీద నిలబడి ఆడింది. పాతినుము ఆసామి చేతిలో సుద్దముక్క జారి పడితే, తీసుకోవాలని కూడా తోచలేదు అతనికి. ఇల్లాలు గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"గొంతు మారింది," అన్నాడు మామగారు. అంతే అన్నాడు. కళ్లు మాత్రం టోపీ కిందకు దాచుకున్నాడు.

మేస్త్రికి ఒళ్లు గగుర్పొడిచింది. పైగా ఇంకో విశేషం గమనించాడు. పాత ఇంజను ఉన్నప్పుడు ఫ్యాను గాలి డ్రైవరు మొహం మీదికి పొయ్యి సెగలా కొట్టేది. ఇప్పుడు వేడి లేదు, గాలంతా ముందుకే పోతోంది. అది ఎందుకు అలా పోతోందని ఆలోచించాల్సిన మనిషి, తన పనితనానికి తనే మురిసిపోయి, మొదటి గేరు వేసి, హ్యాండ్ క్లచ్చి లాగాడు.

ట్రాక్టరు హుందాగా, తొందరేమీ లేకుండా, వెనక్కి బయల్దేరింది.

వెనక గోడ ఒకసారి ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, నిట్టూర్చి కూలబడింది. పైకప్పు ఇనప స్తంభాల మీద ఉంది కాబట్టి నిలబడింది. ట్రాక్టరు పెరట్లోకి వెళ్లి బట్టలారేసిన తీగను తెంపింది. తడి దుప్పటి ఒకటి వచ్చి మేస్త్రి తలను చక్కగా చుట్టేసింది. ఈ ట్రాక్టరుకు క్లచ్చి కాలితో తొక్కేది కాదు, చేత్తో ముందుకు నెట్టాల్సిన లివరు. నెట్టేదాకా బండి ఆగదు. దుప్పటిలో మేస్త్రి చేతికి ఆ లివరు తప్ప అన్నీ తగిలాయి. ఈలోగా నీళ్ల డ్రమ్ము చైను కింద పడి పళ్లెమైంది.

ఇదంతా చూసి గార్డుగారు వరండాలో లేచి నిలబడి, బలంకొద్దీ ఈల ఊదాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఈల వేస్తే బండి కదలడమే గాని ఆగిందెప్పుడూ లేదు. ఇదీ ఆగలేదు. చివరికి మేస్త్రికి లివరు దొరికేసరికి, ప్రహరీకీ ట్రాక్టరుకీ మధ్య జానెడు చోటుంది.

"ఏవండీ!" ఇల్లాలు పరుగెత్తుకొచ్చింది. "షెడ్డు వెనకగోడకి కిటికీ పెట్టించండి, గాలాడదు అని రెండేళ్లుగా చెప్తున్నా. ఇప్పుడా గుర్తొచ్చింది? అయినా కిటికీ అంటే ఇంతదా?"

"కిటికీ కాదే! రివర్సు పడింది. మొదటి గేరూ రివర్సూ పక్కపక్కనే ఉంటాయి."

పాతినుము ఆసామి పళ్లెమైన డ్రమ్మును ఎత్తి చూసి, "ఇది కూడా నాదేనా అమ్మా?" అని అడిగి, జవాబు రాకముందే లారీలో వేసుకున్నాడు.

"ఒప్పందం ప్రకారం బయటికొచ్చింది గదా," అన్నాడు మేస్త్రి దుప్పటి విదుల్చుతూ.

"గుమ్మం దాటి అన్నారండీ. గోడ దాటి అన్లేదు," అన్నాడు ఆసామి. ఇల్లాలు కూడా అవునన్నట్టు తలూపింది.

మేస్త్రికి రోషం వచ్చింది. ఈసారి రివర్సుకి ఆమడ దూరంలో ఉన్న గేరు చూసుకున్నాడు. మూడోది. అది పొరపాటున కూడా వెనక్కి పోయే గేరు కాదు. కింద అందరికీ వినపడేలా "మూడు!" అని అరిచి మరీ వేశాడు. క్లచ్చి లాగాడు.

మూడో గేరు మొదటిదానికంటే బాగా వేగంగా పోతుంది. ట్రాక్టరు ప్రహరీని ఉన్నట్టు కూడా గమనించలేదు. గార్డుగారి పూలకుండీలు వరసగా పధ్నాలుగుండేవి, వాటిని ఒక్కటి కూడా వదలకుండా పలకరించి, వరండా మెట్టు మీద ఒక చైను ఆనించి ఆగింది. ఈల ఊది మళ్లీ కుర్చీలో కూలబడ్డ గార్డుగారు ఈసారి లేవలేదు. లేవడానికి ఎదురుగా ఖాళీ లేదు.

ఆయన చేతి గడియారం చూసుకుని అన్నాడు. "తొమ్మిది గంటల ఇరవై రెండు నిమిషాలు. అర్జీ పెట్టానని పగబట్టి ఇంటి మీదికి ట్రాక్టరు తోలారు. నేను సాక్ష్యం. నాకు నేనే సాక్ష్యం."

"అయ్యో గార్డుగారూ, పగేంటండీ! నేను ముందుకెళ్తున్నానండీ!"

"ఏది ముందు?" అన్నాడు గార్డుగారు.

నిజానికి ఆ క్షణంలో మేస్త్రికీ అదే సందేహం. దిగి, గేరుబాక్సు మూత విప్పాడు. లోపల గేర్లు మార్చే ఫోర్కు తలకిందులుగా బిగించి ఉంటానని ఆశ. ఆశే, ఎందుకంటే అదైతే పది నిమిషాల పని. ఫోర్కు సరిగ్గా ఉంది. గేర్లు సరిగ్గా ఉన్నాయి. అన్నీ ఎంత సరిగ్గా ఉన్నాయంటే ఆయనకు ఏడుపొచ్చింది. అటుపక్క ఆసామి గ్యాసు పైపు వరండా దాకా లాగి, వంగిపోయిన ప్రహరీ గేటు చూపించి, "ఇది కూడా నాదేనా?" అంటున్నాడు.

మేస్త్రి మూత మళ్లీ బిగించి, రేవులో ఇంజను అమ్మినాయనకి ఫోన్ చేశాడు.

"అన్నా, నీ దగ్గర తెచ్చిన ఇంజను..."

"ఏమైంది, స్టార్ట్ కాలేదా?"

"బ్రహ్మాండంగా అయింది. బండే వెనక్కి పోతోంది."

"ఆ రెంటిలో ఏది పట్టుకెళ్లావ్?"

"ఎడమపక్కది. శుభ్రంగా ఉందని."

"కొంప ముంచావ్ మేస్త్రీ! అది జంట ఇంజన్ల పడవ. వెనక నీళ్లలో తిరిగే పంకాలు రెండు. రెండూ ఒకేవైపు తిరిగితే పడవ ఒక పక్కకి లాగేస్తుంది. అందుకని ఒక ఇంజను ఇటు తిరుగుద్ది, ఇంకోటి అటు. కుడిపక్కది లోకంలో ఉన్న ఇంజన్లన్నిటి లాగే తిరిగేది. నువ్వు తీసుకెళ్లింది వాటన్నిటికీ ఎదురు తిరిగేది."

"ముందే చెప్పొద్దూ?"

"నువ్వు అడగొద్దూ? మూడ్రోజులు టేపు పెట్టి కొలుస్తుంటే అన్నీ తెలిసినోడివనుకున్నా. కుడిది ఇంకా ఇక్కడే ఉంది. పంపనా?"

"పంపు," అన్నాడు మేస్త్రి.

అక్కడే ట్రాక్టరు చైను మీద కూర్చుండిపోయాడు. పదకొండు నెలలు వెంట్రుకల్ని కొలిచిన మనిషి, ఇంజను ఎటు తిరుగుతుందని ఒక్క మాట అడగలేదు. తిరిగేవన్నీ ఒకేవైపు తిరుగుతాయనుకున్నాడు, మనందరిలాగే. ఇంజను తప్పు చెయ్యలేదు. అది పుట్టిన దగ్గర్నుంచి తిరిగినట్టే తిరిగింది. ఆ మాట ఆలోచిస్తుంటే సిగ్గుతోపాటు దానిమీద ఒక రకమైన భక్తి కూడా కలిగింది ఆయనకు.

"ఏంటటా?" అంది ఇల్లాలు.

"ఇంజను ఎదురు తిరుగుతోంది. దీన్ని దింపి రెండోదాన్ని ఎక్కిస్తే సరిపోతుంది. ఒక్క నెలన్నర."

"పదకొండు నెల్ల నుంచీ నెలన్నరే అంటున్నారు," అంది ఆవిడ. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. "టైము పది కావస్తోందండీ. మాటంటే మాటే. నాన్నని ఇంకో నెలన్నర అలా కూర్చోబెట్టలేను." ఆసామి వైపు తిరిగి, ఎటో చూస్తూ తలూపింది.

ఆసామి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కట్టరు అంటించాడు. నీలం మంట బుస్సుమంది.

"అల్లుడూ," అన్నాడు మామగారు.

ఆయన ఎప్పుడు లేచాడో, కూలిన రెండు గోడల మీదుగా ఎప్పుడు నడిచొచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఎన్ని గేర్లు వెనక్కి పోతున్నాయి?"

మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. "ముందుకి పోవాల్సిన అయిదూ వెనక్కే పోతాయి మామయ్యా. క్షమించండి."

"ముందుకి?"

"రివర్సు గేర్లు రెండూ ముందుకి పోతాయి. మెల్లిగా."

"మళ్లీ చెప్పు."

"అయిదు వెనక్కి, రెండు ముందుకి."

మామగారు కాసేపు పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత ఆసామి దగ్గరకెళ్లి, పిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు కట్టరు తీసుకుని, మంట ఆర్పేసి, మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి చైను మీద కాలు మోపి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి సీట్లో కూర్చున్నాడు. స్టార్ట్ చేసి రివర్సు వేశాడు. బ్లేడు నేలకు దించి, క్లచ్చి లాగాడు.

ట్రాక్టరు ముందుకు కదిలింది. మెల్లిగా కదిలింది గాని, దాన్ని ఆపగలిగింది భూమ్మీద ఏదైనా ఉందా అనిపించేలా కదిలింది. గార్డుగారి ప్రహరీ ఇటుకలన్నీ బ్లేడు ముందు కుప్పపడ్డాయి. పూలకుండీలు, పెరట్లో మట్టి, షెడ్డు వెనకగోడ మొత్తం వాటికి తోడయ్యాయి. మనిషెత్తు గుట్ట అయింది. ఇంజను గొంతు ఒక్క వీసం కూడా మారలేదు. రెండిళ్ల శిథిలాలను ముందు పెట్టుకుని, ఆ బండి షెడ్డులోకి వెనక నుంచి వచ్చి, ముందు గుమ్మం దాటి, వాకిట్లోకి వెళ్లి, అక్కడ గుట్టను పెట్టి నిలబడింది.

"దాటింది," అంది ఇల్లాలు చివరికి. ఆవిడకు తెలియకుండానే చెంపలు తడిశాయి.

అప్పుడు మామగారు బ్లేడెత్తి, మూడో గేరు వేశాడు. ఆ బండి, ఆ కొండంత బండి, కోడిపిల్లలా వెనక్కి పరుగెత్తుకొచ్చి గార్డుగారి మెట్టుకు బెత్తెడు దూరంలో ఆగింది.

"వెళ్లడానికి నిమిషం పది సెకన్లు, రావడానికి పద్దెనిమిది సెకన్లు!" గార్డుగారు గడియారం చూసి కేకపెట్టాడు. ఆయన పగ, సాక్ష్యం అన్నీ మర్చిపోయాడు. సమయం విషయంలో ఆయన చాలా నిజాయితీపరుడు. "ఇంకోసారి తోలండి!"

మామగారు ఇంకోసారి తోలాడు. తర్వాత మరోసారి. నాలుగోసారి తొయ్యడానికి ఏమీ మిగల్లేదు, అయినా తోలాడు. చివరికి ఇంజను ఆపకుండానే, దాని మోత మీదుగా అల్లుడితో అన్నాడు.

"నీకు తెలుసా, తోసే పని నిమిషంలో అయిపోతుంది. తోశాక మళ్లీ వెనక్కి రావాలి. పాత ఇంజనుతో దీనికి వెనక్కొచ్చే గేర్లు రెండే, రెండూ నత్తలే. ముప్పై ఒక్క ఏళ్లు... లెక్కేసి చూడు. నా బతుకులో సగం వెనక్కి రావడంలోనే పోయింది. మెడ తిప్పుకుని వెనక్కి చూస్తూ, ఎప్పుడొస్తుందిరా నాయనా అనుకుంటూ." టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "పైగా మొహానికి సెగ కూడా లేదు. ఇది చేసినవాడెవడో ట్రాక్టరు నడిపే మనిషి మీద జాలిపడి చేశాడు అల్లుడూ. ఈ ఇంజను మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

మేస్త్రి నోరు తెరిచి, నిజం చెబుదామనుకుని, మామగారి మొహం చూసి మూసుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహం తనవైపు అలా చూడటం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం మామగారు రెండుసార్లు అన్నం అడిగి తిన్నాడు. గోడలు రెండూ మళ్లీ కట్టించారు. పునాదుల మట్టి ఆయనే తోశాడు, గార్డుగారు టైము పట్టాడు. పాతినుము ఆసామి తన యార్డులో గుట్టలు చదును చేయించుకోవడానికి మర్నాడే వచ్చాడు. నెల తిరిగేసరికి ఆ వార్త నలుగురికీ పాకి, చైను ట్రాక్టర్లున్నవాళ్లంతా ఎదురు తిరిగే ఇంజను కావాలంటూ వరసకట్టారు. ఇది ఎలా తట్టిందని ఎవరైనా అడిగితే మేస్త్రి ఎటో చూసి, చాలా ఏళ్ల ఆలోచనండీ అంటున్నాడు.

రేవులో ఆయన మాత్రం ఇకమీదట జంటను విడదీసి అమ్మనని ఖండితంగా చెప్పాడు. అందుకని ఎడమ ఇంజనుతోపాటు కుడిది కూడా కొనక తప్పడం లేదు. లోకంలో అందరిలాగే తిరిగే ఆ ఇంజన్లను మాత్రం పాతినుము ఆసామి ఆదివారం ఆదివారం వచ్చి తూకానికి పట్టుకుపోతున్నాడు.